ఇబ్బంది పెట్టినట్టు ధ్రువపత్రం

నిశ్శబ్దం ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చిన హక్కు అని మా శాన్ ప్లాసిదో పట్టణ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం మీద చర్చ ఏడు గంటలు సాగింది. రెండు మైకులు పాడయ్యాయి, ఒక సభ్యుడికి గొంతు పోయింది. (తీర్మానాన్ని అందరికంటే ముందు ఆచరణలో పెట్టినవాడిగా ఆయన పేరు రికార్డులకెక్కింది.) జూలై ఒకటో తారీఖు నుంచి మా పొలిమేరల్లో పెట్రోలుతో నడిచే తోటపని యంత్రం ఏదీ కూత పెట్టకూడదు. గడ్డి కోసే మిషనూ, కంచె కత్తిరించే రంపమూ, మరీ ముఖ్యంగా వీపుకి తగిలించుకుని ఆకుల్ని ఊదే బ్లోయరూ ఇకమీదట బ్యాటరీతోనే నడవాలి. కాలిఫోర్నియాలో మా ఊరు దేనిలోనూ మొదటిది కాలేకపోయింది, కనీసం ఇందులోనైనా ఆఖరిది కాకూడదని మేయరు కళ్లు తుడుచుకున్నాడు.

నేను ఈ చట్టానికి వ్యతిరేకిని కాను. మా ఆయన ఇరవై రెండేళ్లు తోటమాలి పని చేసి పోయాడు. ఆ పొగ పట్టిన చొక్కాలు ఉతికినదాన్ని నేను. పెట్రోలు పోవాల్సిందే, పోయినందుకు కొవ్వొత్తి కూడా వెలిగించాను. నా బాధల్లా ఫారాలతోనే.

నా పేరు ఎఫిహేనియా. రొట్టెల దుకాణం వెనక గదిలో ఒక బల్ల వేసుకుని, ఇంగ్లీషు రానివాళ్లకు ఫారాలు నింపి పెడతాను. ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా వస్తారు, ఎందుకంటే ఫారాల్లో ఉండేది ఇంగ్లీషు కాదు. ఒకసారి పట్టణ కార్యాలయం గుమాస్తానే తన ఫారం తనకు అర్థం కాక నా దగ్గరికొచ్చాడు. అతన్ని కూడా వరసలోనే కూర్చోబెట్టాను.

హెర్మెలిందో బెసెర్రా మాత్రం వరసలో కూర్చోడు. నా కూతురి జ్ఞానస్నానం నాడు దాన్ని చేతుల్లోకి తీసుకున్న పెద్దమనిషి అతను. అప్పటినుంచి నేనతన్ని కొంపాద్రె అంటాను, అతను నన్ను కొమాద్రె అంటాడు, ఇద్దరం ఒకరినొకరం మీరు అనుకుంటాం. అతనూ తోటమాలే, మంగళవారం నాడు జకరాండా వీధిలో పద్నాలుగు ఇళ్లు చూస్తాడు. పదకొండేళ్లుగా ఆ వీధి అతనిదే. ఇంటి బాడుగా, పిల్లల చదువూ ఆ ఒక్క వీధి మీదే నడుస్తాయి, మిగతా రోజుల ఇళ్లన్నీ చిల్లర బేరాలు. వీధి సంఘం వాళ్ల షరతు ఒకటే. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి కాలిబాట మీద ఒక్క పువ్వు కనపడకూడదు. వరసగా మూడు మంగళవారాలు కనపడితే వీధి వేరేవాళ్లకు పోతుంది. జూలైలో జకరాండా చెట్లు ఊదారంగు పూలు ఎలా రాలుస్తాయో మీకు తెలియదు. ఊడ్చి వెనక్కి తిరిగేలోగా, ఊడ్చావా అని అడుగుతున్నట్టు మళ్లీ పరుచుకుంటాయి.

పాత పెట్రోలు బ్లోయరు అప్పగిస్తే కొత్త బ్యాటరీ బ్లోయరుకి కూపన్ ఇస్తామని పట్టణం వారు ప్రకటించారు. ఇందుకోసం ప్రశాంతతా పరివర్తన విభాగం అని ఒకటి పెట్టారు. షరతు ఏమిటంటే, అప్పగించే యంత్రం పనిచేసే స్థితిలో ఉండాలి. చచ్చిన మిషన్‌ని మళ్లీ చంపితే గాలికి ఒరిగేదేముంది అని వాళ్ల వాదన. సబబే. పనిచేస్తుందని నిరూపించడానికి అధికారి ఎదుట నడిపి చూపించాలి. అదీ సబబే. నిషేధం జూలై ఒకటిన మొదలైంది, కూపన్లు మూడున మొదలయ్యాయి. కాబట్టి నడిపి చూపించిన ప్రతివాడూ నేరస్తుడు, చూపించనివాడు అనర్హుడు.

ఈ చిక్కు మీద విభాగం వారు నాలుగు రోజులు ఆలోచించి, ఊరి చివర ఎండిపోయిన ఏటి మీది వంతెనను పరీక్షా స్థలంగా ఖరారు చేశారు. వంతెన మధ్యలో మా పొలిమేర అయిపోతుంది. అవతల సగం ఏ ఊరికీ చెందని నేల, అక్కడ ఎంత గోల చేసినా అడిగే నాథుడు లేడు. దరఖాస్తుదారు అవతల నిలబడి యంత్రం నడపాలి, అధికారి ఇవతల నిలబడి వినాలి. మధ్యలో తెల్లగీత గీశారు. గీత గీసిన మిషను పెట్రోలుదే, కానీ అది రోడ్డు పని కిందకి వస్తుంది.

ఆ రోజు హెర్మెలిందోతో పాటు నేనూ వెళ్లాను. అతని బ్లోయరు పేరు ప్రుదెన్సియా. అత్తగారి పేరు. (ఒక్కసారి కదిలిస్తే చాలు, ఇక ఆపదని.) మాకు ముందు చోన్ అనే అతను ఉన్నాడు. అతని బ్లోయరుకి సైలెన్సర్ ఊడిపోయి మూడేళ్లయింది. అది మొదలుపెడితే ఏట్లో పడుకున్న కుక్కలు లేచి వేరే జిల్లాకు వెళ్లిపోయాయి. చోన్‌కి రెండు నిమిషాల్లో కూపన్ ఇచ్చి, చెయ్యి కలిపి పంపారు.

తరవాత మా వంతు. ఇవతల నిలబడ్డ ఉప నిశ్శబ్దాధికారి మిస్టర్ పెండర్‌గాస్ట్ చాలా మర్యాదస్తుడు. చెవులకు లావాటి తొడుగులు పెట్టుకుని ఉన్నాడు. ఉద్యోగుల వినికిడి రక్షణ నిబంధన ప్రకారం, యంత్రం నడుస్తున్నంతసేపూ అవి తియ్యకూడదు. ఆయన చెయ్యూపగానే హెర్మెలిందో తాడు లాగాడు. ప్రుదెన్సియా ఒక్క లాగుకే మొదలైంది.

"ఎప్పుడు మొదలెడతారు?" అని అరిచాడు పెండర్‌గాస్ట్.

"నడుస్తోంది సార్!"

"ఏంటీ?"

"నడుస్తోందీ!"

"ఏమీ వినపడట్లేదే!"

నేను దగ్గరికెళ్లి సైగ చేశాను. "అయ్యా, ఆ చెవులవి తీస్తే వినపడుతుంది."

"అమ్మా, యంత్రం నడుస్తుంటే తియ్యకూడదు. ఆపమనండి, తీస్తాను."

ఆపించాను. ఆయన తొడుగులు తీసి, కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా విన్నాడు.

"అబ్బే, ఇది అసలు నడవట్లేదమ్మా" అని రాసుకున్నాడు.

"పోనీ ఆకులు ఎగురుతున్నాయి కదయ్యా, కళ్లతోనైనా చూడండి" అన్నాను.

"ఆకులు గాలికి కూడా ఎగురుతాయి. గాలికి మేము కూపన్ ఇవ్వలేదు" అన్నాడాయన.

ఇక్కడ ప్రుదెన్సియా గుణం కొంచెం చెప్పాలి. హెర్మెలిందో ఏడాదికోసారి దానికి కొత్త సైలెన్సర్ వేయిస్తాడు. ఆదివారం పూట విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, నూనె పెడతాడు. గట్టిగా తిప్పకుండా ఎప్పుడూ సన్నగానే నడుపుతాడు, ఆలస్యమైనా సరే. ఐదో ఇల్లు పియానో టీచరుగా చేసి మానేసిన మిసెస్ హాల్వోర్సన్‌ది. ఆవిడ గదిలో పియానో మోగితే అసలు మిషను ఆపేసి చీపురు తీస్తాడు. ఇవన్నీ ఎవరూ అడిగినవి కావు. మనిషి తీరే అంత.

అధికారికి వినపడకపోతే ఏం చెయ్యాలో పద్నాలుగో నిబంధనలో ఉంది. అప్పుడు పట్టణ ప్రజల చెవులే ప్రమాణం. అంటే, సదరు తోటమాలి శబ్దం వల్ల ఇబ్బంది పడ్డామని ఎవరైనా ఫిర్యాదుల రిజిస్టరులో రాసి ఉంటే, ఆ పేజీ నకలు తీసి ఇబ్బంది ధ్రువపత్రం జారీ చేస్తారు. చోన్ పేరు మీద అరవై మూడు ఫిర్యాదులున్నాయి. (ఒకటి పక్క ఊరి నుంచి వచ్చింది.) హెర్మెలిందో పేరు కోసం గుమాస్తా పదకొండేళ్ల రిజిస్టర్లు తిరగేశాడు. ఒక్కటి లేదు.

"మీరు నిజంగా తోటమాలేనా?" అని అడిగాడు గుమాస్తా, జాలిగా.

బయటికొచ్చాక హెర్మెలిందో టోపీ తీసి మెట్ల మీద కొట్టాడు. అతనికి కోపం రావడం నేను రెండోసారి చూడటం. "పదకొండేళ్లు ఎవడికీ నొప్పి కలగకుండా బతికితే ఇదా కొమాద్రె నాకు దక్కింది? ఆ చోన్ గాడు పొద్దున్నే ఊరందరి చెవులకీ చిల్లులు పొడిచాడు, వాడికి షేక్‌హ్యాండా!"

"అరవకండి కొంపాద్రె" అని, వెంటనే నాలిక్కరుచుకున్నాను. "కాదు, అరవండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో."

అప్పటికే ఒక మంగళవారం పోయింది. మిషను నడపకూడదు కాబట్టి, ఇనుప పళ్లున్న పొడుగు చీపురుతో పద్నాలుగు ఇళ్లూ ఊడ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. ఇంకా రెండు మంగళవారాలే మిగిలాయి.

ఆ మొదటి నిశ్శబ్ద మంగళవారం జకరాండా వీధికి ఇంకో కష్టం తెచ్చిపెట్టింది. ఇన్నేళ్లుగా చుట్టుపక్కల వీధుల బ్లోయర్ల మోత కింద అణిగి ఉన్న చప్పుళ్లన్నీ బయటపడ్డాయి. మూడో ఇంటాయన ముక్కు చీదడం ఏడో ఇంటికి వినపడింది. పదో ఇంటి దంపతులు పదకొండేళ్లుగా మంగళవారం తొమ్మిదింటికి, మోత మొదలవగానే పోట్లాడుకునేవారట. అలవాటు కొద్దీ ఆ రోజూ తొమ్మిదింటికే మొదలుపెట్టారు. వీధంతా కిటికీల దగ్గర నిలబడి, ఆయన వదినగారి గురించి ఆవిడ అభిప్రాయం మొత్తం విన్నది. వారం తిరక్కుండా విభాగానికి రెండు వందల పన్నెండు ఫిర్యాదులొచ్చాయి. ఒకటి కాఫీలో చెంచా తిప్పడం మీద. ఒకటి పక్కింటి పెద్దాయన ఆలోచించడం మీద. (ఆలోచించేటప్పుడు ఆయన మోకాలు టకటకలాడిస్తాడు.) ఊరు ఊరంతా రిజిస్టరుకెక్కింది, హెర్మెలిందో ఒక్కడు తప్ప.

ఇక తప్పక, చొక్కా ఇస్త్రీ చేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ముందు మిసెస్ హాల్వోర్సన్ ఇంటికే వెళ్లాం. ఆవిడ అతన్ని చూడగానే నిమ్మరసం తెచ్చింది.

"మేడమ్, నా మీద మీరొక ఫిర్యాదు రాసివ్వాలి."

"నీ మీదా! అయ్యో హెర్మెలిందో, ఏం చేశావ్ నువ్వు?"

"ఏమీ చెయ్యలేదు మేడమ్. అదే తంటా."

"మరి నేనేమని రాయను?"

"నా మిషను చప్పుడుకి మీకు తలనొప్పి వచ్చిందని రాయండి. ఒక్కసారి వచ్చినా చాలు."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అబద్ధం నేనెలా రాస్తాను? నువ్వంటే మాకు ఎంత ఇష్టమో వాళ్లకి తెలియాలి. ఉండు, నేను రాస్తాను చూడు!"

ఆకుపచ్చ సిరాతో మూడు పేజీలు రాసింది. హెర్మెలిందో లాంటి నెమ్మదస్తుణ్ణి తన జన్మలో చూడలేదనీ, పదకొండేళ్లలో అతను వచ్చాడో లేదో కూడా తెలిసేది కాదనీ, అతను తమ కుటుంబంలో ఒకడనీ రాసింది. ఆ మాట కింద రెండు గీతలు కూడా గీసింది. ఆవిణ్ణి చూసి మరో ఆరు ఇళ్లవాళ్లు రాశారు. ఒకరు మొక్కజొన్న పిండి తమాలెలు చేసిపెట్టినందుకు అతని భార్యను కూడా పొగిడారు. విభాగం వారు ఏడు ఉత్తరాలూ తీసుకుని, ఒక్కోదాని మీద "ప్రతికూల సాక్ష్యం" అని ముద్ర కొట్టారు. పెండర్‌గాస్ట్ నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, దయచేసి ఇంకెవరిచేతా పొగిడించకండి. కేసు చెడిపోతోంది" అన్నాడు. నిజంగా బాధపడే చెప్పాడు.

రెండో మంగళవారం కూడా పోయింది. ఇనుప పళ్ల చీపురు కాలిబాట మీద గర్రు గర్రుమంటుంటే, ఆ నిశ్శబ్దంలో వీధిలో అంతకంటే పెద్ద చప్పుడు లేదు. ఆ సాయంత్రమే విభాగం నుంచి ఫోనొచ్చింది. పెండర్‌గాస్ట్ గొంతు సంతోషంతో వణికిపోతోంది.

"అభినందనలమ్మా! మిస్టర్ బెసెర్రా మీద ఫిర్యాదు వచ్చింది!"

పరిగెత్తుకుంటూ వెళ్లాం. జకరాండా వీధి తోటమాలి పొద్దున ఎనిమిదింటినుంచి పిల్లి మట్టి గీరినట్టు గీరుతున్నాడు, ప్రాణం పోతోంది, వెంటనే చర్య తీసుకోవాలి అని ఉంది.

"అయ్యా, ఇది చీపురు మీద ఫిర్యాదు కదా, బ్లోయరు మీద కాదే" అని నోరు జారాను.

"నిబంధనలో పరికరం అని ఉంది. చీపురు పరికరం కాదా?" అని ఆయన ముద్ర కొట్టేశాడు. తరవాత లేచి నిలబడి హెర్మెలిందో చెయ్యి పట్టుకున్నాడు. "మీరిప్పుడు అధికారికంగా ఇబ్బంది, మిస్టర్ బెసెర్రా."

హెర్మెలిందో ఎగిరి గంతేశాడు. నన్ను కావలించుకున్నాడు, గుమాస్తాను కావలించుకున్నాడు. నేను మాత్రం ఫిర్యాదు కాగితం ఇంకోసారి చూశాను. కింద పేరు లేదు. సిరా ఆకుపచ్చ. అతనికి చెప్పలేదు.

ప్రుదెన్సియాను శుక్రవారం అప్పగించాం. పట్టణ కార్యాలయం ముందు వేదిక కట్టారు, మేయరు ప్రశాంతత మీద మాట్లాడాడు. పాత మిషన్లను నుజ్జు చేసే లారీ ఒకటి పక్కనే డీజిలు మీద నడుస్తుండటంతో ఆయన ఏం చెప్పాడో ఎవరికీ తెలియలేదు. (లారీ తోటపని యంత్రం కాదు.) ప్రుదెన్సియా వంతు వచ్చినప్పుడు హెర్మెలిందో టోపీ తీశాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక మిషను కోసం ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మా ఆయన కూడా దాన్ని ఎన్నోసార్లు బాగుచేశాడు.

కొత్తది ఎంత బాగుందో చెప్పకపోతే పాపం. మూడో మంగళవారం నేను చేతి గడియారంతో వెంట వెళ్లాను. అతను మీట నొక్కాడు. పొగ లేదు, వాసన లేదు, వీపు అదరడం లేదు. ఊదాపూలు గాల్లోకి లేచి, బుద్ధిగా వెళ్లి గుట్టపడ్డాయి.

"కొమాద్రె, చొక్కా వాసన చూడండి! ఏ వాసనా లేదు!" అని నడివీధిలో చొక్కా అంచు నా ముక్కు దగ్గర పెట్టాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, పూల మధ్య గిర్రున ఒక చుట్టు తిరిగాడు. నేను కూడా తిరిగేదాన్నే, మోకాళ్లు ఒప్పుకోలేదు.

నాలుగిళ్లు అయ్యాయి. ఐదో ఇంటి గేటు దగ్గర బ్యాటరీ ఆగిపోయింది. కూపన్‌తో ఒక బ్యాటరీయే ఇస్తారు. రెండోదానికి వేరే దరఖాస్తు, దానికి మొదటిది చాలలేదని ధ్రువపత్రం కావాలి. టైము తొమ్మిదిన్నర. ఒక గంట ప్లగ్గు దొరికితే చాలు, ఈలోగా చీపురుతో కొంత ఊడ్చి, మిగతాది ఊదేసి పన్నెండుకల్లా ముగించొచ్చు. ఎదురుగా మిసెస్ హాల్వోర్సన్ వరండా గోడకి, క్రిస్మస్ దీపాల కోసం పెట్టిన ప్లగ్గు ఖాళీగా ఉంది.

"మేడమ్, ఒక్క గంట దీన్ని ఇక్కడ పెట్టుకుంటాను."

ఆవిడ మొహం నిజంగానే వాడిపోయింది. "అయ్యో హెర్మెలిందో... నాకేం అభ్యంతరం లేదు. మా బీమా కాగితంలో ఉంది, ఇంటివాళ్లు తప్ప బయటివాళ్లు ప్లగ్గు వాడకూడదట. ఏదైనా అయితే వాళ్లు ఊరుకోరు. నిమ్మరసం ఇవ్వనా?"

"వద్దు మేడమ్, పని ఉంది" అన్నాడతను.

ఆరో ఇంట్లో ప్లగ్గుకి చేపల తొట్టె ఉంది. ఏడో ఇంటాయన విద్యుత్తు ఆదా చేస్తున్నాడు, భూమి కోసం. ఎనిమిదో ఇంట్లో తలుపు తియ్యలేదు, కానీ ఆ నిశ్శబ్దంలో లోపల వాళ్లు గుసగుసలాడటం మాకు స్పష్టంగా వినపడింది. అతను చీపురు తీశాడు, నేనూ ఒకటి తీసుకున్నాను. ఇద్దరం ఆఖరి ఇంటి ముందు ఆఖరి పువ్వు ఎత్తేసరికి పన్నెండు దాటి ఇరవై రెండు నిమిషాలు.

సంఘం ఉత్తరం గురువారం వచ్చింది. కుటుంబ సభ్యుణ్ణి పోగొట్టుకున్నంత బాధగా ఉందనీ, వీధిని ఒక ఆధునిక కంపెనీకి అప్పగిస్తున్నామనీ రాశారు. ఆ కంపెనీవాళ్లకు బ్యాటరీల బెంగ లేదు. వాళ్ల వ్యానులో పెట్రోలు జనరేటరు ఉంది. అది పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా వీధి మధ్యలో మోగుతూ బ్యాటరీలు నింపుతుంది. వ్యాను తోటపని యంత్రం కాదు, జనరేటరు వ్యానులోని సరుకు. ముందు నడిచేది చోన్. అరవై మూడు ఫిర్యాదుల అనుభవం చూసి అతన్ని మేస్త్రీగా తీసుకున్నారు. పదో ఇంటి దంపతులు మళ్లీ తొమ్మిదింటికి హాయిగా పోట్లాడుకుంటున్నారని విన్నాను.

హెర్మెలిందో శనివారం నా బల్ల దగ్గరికొచ్చి, మొదటిసారి వరసలో కూర్చున్నాడు. విభాగం ఆలస్యం వల్లే వీధి పోయిందని అప్పీలు పెట్టుకోవచ్చు. ఫారం పదకొండు పేజీలు, మూడు గంటలు కూర్చుని నింపాం. అతని నడవడికకు సాక్ష్యం కావాలని ఉంటే, మిసెస్ హాల్వోర్సన్ ఆకుపచ్చ సిరా ఉత్తరం నకలు జత చేశాను. అంతకంటే మంచి సాక్ష్యం ఈ ఊళ్లో లేదు.

నాలుగు రోజులకు తిరిగొచ్చింది. పెండర్‌గాస్ట్ స్వయంగా రాశాడు, ఎంతో విచారిస్తూ. దరఖాస్తుదారు సదరు మిసెస్ హాల్వోర్సన్ కుటుంబంలో ఒకడని ఆమే రాతపూర్వకంగా ఒప్పుకున్నందున, రెండు గీతలు కూడా గీసినందున, కుటుంబ సభ్యుల సాక్ష్యం చెల్లదు.

హెర్మెలిందో నాచేత దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. 

"మరి ప్లగ్గు ఎందుకివ్వలేదు కొమాద్రె?" అన్నాడు.

నేను ఫారం తీసి పదకొండు పేజీలూ మళ్లీ చూశాను. ఆ ప్రశ్నకి గడి లేదు.